కిందింటి చెక్కగోడ

కుర్చీతో సహా అత్తగారు గుమ్మం దాటిపోయింది.

కుర్చీని ముందు యోర్వెర్త్, వెనక అతని తమ్ముడు గ్విలిం మోస్తున్నారు. వానకి తడిసిన పలకరాళ్ళ మీద కాలు జారకుండా ఆచితూచి అడుగులేస్తున్నారు. మధ్యలో మార్గెడ్, చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, నడుం వంచకుండా నిటారుగా కూర్చుంది. ఎనభై దాటిన మనిషి, మూడు వారాలుగా దగ్గుతో నిద్రలేని మనిషి, అయినా ఆ కూర్చోవడంలో ఎక్కడా సడలింపు లేదు.

యోర్వెర్త్ భార్య లౌరి శాలువా పట్టుకుని గుమ్మంలోకి పరుగెత్తింది.

“అత్తయ్యా, శాలువా మర్చిపోయారు.”

“ఉందిలే అమ్మా. మెరెరిడ్ పంపింది.”

వెనక్కి తిరగకుండానే చెప్పింది మార్గెడ్. చెప్పగానే దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా కొడుకులిద్దరూ వానలోనే ఆగిపోయారు. ఆ ఆగడం చూస్తే, ఇంకా వెనక్కి తెస్తారేమోనని లౌరికి చిన్న ఆశ పుట్టింది. తేలేదు.

పైఇంటికీ కిందింటికీ దూరమెంతని? మూలకి మూల ఆనుకుని నిలబడ్డ రెండు రాతి ఇళ్ళు. ఎప్పుడో ముత్తాతల తాతల నాడు, వేరుపడటం ఇష్టంలేని అన్నదమ్ములు ఒకే ముంగిట్లో కట్టుకున్నవి. పొయ్యిలు వేరు, పొలం ఒకటి, గొర్రెలు ఒకటి, నీళ్ళ ఊట ఒకటి. పెద్దవాడికి పైఇల్లు, చిన్నవాడికి కిందిల్లు, తల్లి మాత్రం ఎప్పుడూ పెద్దవాడి పొయ్యి దగ్గరే. హెండ్రె వెన్ అనే ఈ కమతంలో ఇది ఎవరూ కాగితం మీద పెట్టని చట్టం. ఇవాళ ఆ చట్టాన్నే ఇద్దరు మగాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోతున్నారు.

కింది గుమ్మంలో తోడికోడలు మెరెరిడ్ వానలోకి చేతులు చాచి నిలబడి ఉంది. ఆ చాచిన చేతులు చూడగానే లౌరికి ఒళ్ళు భగ్గుమంది. తలుపు వేసేసింది. వేసిన చప్పుడు కిందింటిదాకా వినపడాలనే వేసింది.

యోర్వెర్త్ తిరిగొచ్చి, కోటు కొక్కేనికి తగిలించి, బూట్ల తాళ్ళు విప్పడానికి కూర్చున్నాడు.

“ఎన్నాళ్ళు?” అంది లౌరి.

“దగ్గు తగ్గేదాకా.”

“తగ్గకపోతే?”

బూటు తాడు ముడిపడినట్టుంది. అతను తల ఎత్తలేదు.

“నిన్నే అడుగుతున్నా. సోమవారం కృతజ్ఞతల పండగ. ప్రార్థన అయ్యాక చాపెల్ జనమంతా టీకి వస్తారు. మీ అమ్మ చేత్తో పోసిన టీ తాగందే పాస్టరుగారు కుర్చీలోంచి లేవరు. ఈసారి ఎక్కడికొస్తారు? ఇక్కడికా, అక్కడికా?”

“అమ్మ ఎక్కడుంటే అక్కడికి.”

“అంతేనా?”

“అంతేగా మరి. నువ్వే అన్నావు, అమ్మ చేతి టీ అని.”

లౌరి అలమార తెరిచి నీలం పువ్వుల కప్పులు చూసింది, మళ్ళీ మూసింది. ఏటా ఆ రోజున ఈ ఇంట్లో మనుషులకి కూర్చోవడానికి చోటుండేది కాదు. కిస్‌మిస్‌ల రొట్టె ముక్కలు కోసి కోసి చెయ్యి నొప్పెట్టేది. ఆ నొప్పికోసమే ఆమె ఏడాదంతా ఎదురుచూసేది. ఇప్పుడు కళ్ళ ముందు మెరెరిడ్ రొట్టె కోస్తోంది. మెరెరిడ్ మొగుడు కుర్చీలు వేస్తున్నాడు. పైఇల్లు తలుపులు మూసుకుని, చుట్టపుచూపుగా తనూ అక్కడికి పోయి ఓ మూల కూర్చోవాలి.

“డాక్టరు చెప్పింది విన్నావుగా,” అన్నాడు యోర్వెర్త్. “అమ్మ గదిలో గోడ ముట్టుకుంటే చెయ్యి తడుస్తోంది.”

“రాతి ఇల్లన్నాక చెమ్మ ఉండదా?”

“నాన్న ఉన్నప్పుడు లేదు. సిమెంటు పూశాకే వచ్చింది.”

ఆ మాట అనకుండా ఉంటాడనే ఆమె ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉంది. పైకప్పు పలకల మీద వాన ఒక్కటే మాట్లాడింది.

సిమెంటు కథ ఊరంతటికీ తెలుసు. కిందింటివాళ్ళు ప్రతి మే నెలలో గోడలకి సున్నం కొట్టేవారు. చాపెల్ నుంచి వచ్చేవాళ్ళు గేటు దగ్గర ఆగి, “అబ్బ, మెరెరిడ్ ఇల్లు చూడండమ్మా, ఉతికి ఆరేసినట్టుంది” అనేవారు. ఆ గేటుకి లౌరి వంటింటి కిటికీ ఎదురు. ఏటేటా అదే మాట, అదే కిటికీ. ఆఖరికి ఒక ఏడు ఆమె పట్టుబట్టి బాలా పట్నం నుంచి మేస్త్రీని పిలిపించి, గులకరాళ్ళు కలిపిన సిమెంటు పూత ఇంటిచుట్టూ పూయించింది. మనవల కాలందాకా మళ్ళీ ముట్టుకోనక్కర్లేదన్నాడు మేస్త్రీ. జనం ఒక నెల ఆగి చూశారు. తర్వాతి మేలో మెరెరిడ్ మళ్ళీ సున్నం బకెట్టు తీసింది, జనం మళ్ళీ అటే ఆగారు.

సున్నం గోడ తాగిన నీళ్ళు ఎండకి తిరిగి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. ఎక్కడో వెంట్రుకవాసి బీటలోంచి దూరిన వాన బయటికి దారిలేక గోడలోనే కాపురం పెట్టి, చివరికి మార్గెడ్ మంచం తలవైపున లోపలికి వచ్చింది. అప్పట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు, చుట్టుపక్కల సగం ఇళ్ళవాళ్ళు అదే పని చేశారు. కానీ అసూయతో చేసింది మాత్రం లౌరి ఒక్కతే. అది ఆమెకి తెలుసు.

“ముందుగదిలో పింగాణీ పలకల పొయ్యి పగలగొడతాను,” అన్నాడు యోర్వెర్త్.

“ఏంటీ?”

“దాని వెనక పాత పెద్దపొయ్యి అలాగే ఉంది. దాన్లో దుంగలు పెట్టి నాలుగురోజులు మంట ఆరకుండా చూస్తే ఆ గోడ ఆరుతుంది. అమ్మ గది దాని వెనకేగా. ఆదివారానికి తీసుకొచ్చేయొచ్చు.”

“సోమవారం జనం వచ్చేవేళకి ఇంటినిండా దుమ్ము పోస్తావా? మెరెరిడ్ చూసి నవ్వడానికా?”

“ఎప్పుడు నవ్విందే నిన్ను చూసి?”

నిజమే, ఎప్పుడూ నవ్వలేదు. నవ్వి ఉంటే లౌరికి ఇంత కష్టం ఉండేది కాదు.

“నీకూ ఆవిడే మంచిదైపోయింది,” అంది.

పెద్దపొయ్యి ఆమె ఎందుకు మూయించిందో యోర్వెర్త్ ఎన్నడూ అడగలేదు. డాక్టరు భార్య ఇంట్లో ఉన్నటువంటి గోధుమరంగు పలకల పొయ్యి కావాలని ఆమె చెప్పింది, అతను ఊఁ అన్నాడు. లోపల మనిషి నిలబడి తలెత్తితే ఆకాశం కనిపించేంత పొయ్యి అది. దాని ఒడిలోనే రాతి అరుగు, ఆ అరుగు మీద మార్గెడ్. సాయంత్రమయ్యేసరికి మెరెరిడ్ అల్లిక పట్టుకుని వచ్చేది. అత్తా కోడలూ తలా తలా ఆనించి గుసగుసలాడుకునేవారు. లౌరి రాగానే గుసగుస ఆగేది. ఏం మాట్లాడుకునేవారో, బహుశా ఉన్ని ధర గురించో, గొర్రెపిల్లల గురించో. కానీ ఆగేది. అరుగే లేకపోతే ఆ కూర్చోవడం ఉండదనుకుంది లౌరి. అరుగు పోయాక అత్తగారు అల్లిక తీసుకుని కిందింటికి పోవడం మొదలుపెట్టింది.

మర్నాడు ఉదయం ఒక చిన్న మోరిస్ కారు ముంగిట్లో ఆగింది. పాత ఇళ్ళ కొలతలు తీసి, బొమ్మలు గీసి, జిల్లా అంతటికీ కలిపి ఒక పుస్తకం వేస్తున్నారట. దానికోసం వచ్చిన అమ్మాయి పేరు షోనెడ్. ముందు పైఇంటికే వచ్చింది. లౌరికి ప్రాణం లేచొచ్చింది. మంచి కప్పులు తీసింది.

షోనెడ్ బయటి గోడ మీద చెయ్యి పెట్టి, “ఎప్పుడు పూశారండీ ఇది?” అని అడిగింది. చావింటికి పలకరింపుకి వచ్చినవాళ్ళు అడిగే గొంతు అది. ముందుగదిలో తలెత్తి కప్పు దూలం చూసి ఆగిపోయింది. దూలం అడుగున వరసగా, స్తంభాల తలలు దిగేందుకు తొలిచిన ఖాళీ రంధ్రాలు.

“ఇక్కడో చెక్కగోడ ఉండేదండీ! ఓక్ స్తంభాలు, వాటి మధ్య పలకలు. ఏమైంది?”

“పురుగు పట్టింది. తీసేశాం,” అంది లౌరి.

“అయ్యో.”

పురుగు పట్టలేదు. గది చీకటిగా ఉందని, వాల్‌పేపరు అంటించిన గోడ కావాలని, పొయ్యి మూయించిన ఏడే దాన్నీ ఊడదీయించి కోళ్ళగూటికి వేయించింది. ఆ రోజు మెరెరిడ్ ముంగిట్లో నిలబడి, “అక్కా, ఇంటి వెన్నెముక తీసి కోళ్ళకి వేశావా?” అంది. అంతే. ఆ తర్వాత లౌరి కిందింటి గడప తొక్కలేదు. చెప్పాల్సిందేమైనా ఉంటే ముంగిట్లోంచే కేకేసేది. పదహారేళ్ళు.

షోనెడ్ టీ సగం తాగి, కొలతల టేపు చుట్టేసుకుని కిందింటికి వెళ్ళింది. మధ్యాహ్నమైనా తిరిగి రాలేదు. మధ్యమధ్య నవ్వులు వినిపించాయి. అందులో ఒక నవ్వు అత్తగారిది. మార్గెడ్ నవ్వి ఎన్నాళ్ళయిందో లౌరికి గుర్తులేదు.

ఆమె గొర్రెమాంసం పులుసు గిన్నెలో పోసి మూతపెట్టింది. “అత్తయ్యకి ఇచ్చొస్తాను,” అంది గాల్లోకి. అప్పుడే ముందుగదిలో సుత్తి దెబ్బ పడింది. తర్వాత ఇంకొకటి. యోర్వెర్త్ ఆమె ఒప్పుకునేదాకా ఆగలేదన్నమాట. వెనక్కెళ్ళి సుత్తి లాక్కోవచ్చు. కానీ కిందింట్లో మళ్ళీ నవ్వు వినపడింది. లౌరి గిన్నె పట్టుకుని ముంగిలి దాటింది.

తలుపు తెరిచే ఉంది.

పెద్దపొయ్యి ఒడిలో మార్గెడ్ కూర్చుని ఉంది. బుగ్గలకి రంగు వచ్చింది. దగ్గటం లేదు. ఆవిడ దగ్గకపోవడం లౌరికి నచ్చలేదు. నచ్చలేదని తెలిసి తన మీద తనకే రోత పుట్టింది.

“వచ్చావా,” అంది మార్గెడ్. “ఈ గడప ఎక్కడుందో మర్చిపోయావనుకున్నా.”

“పులుసు తెచ్చాను అత్తయ్యా.”

“అక్కడ పెట్టు. ఇప్పుడే తిన్నాను.”

“రండి, రండి!” షోనెడ్ గదికి అవతలివైపు నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి చూస్తోంది. “ఇది చూడండి. ఈ జిల్లాలో ఇంత చక్కటి చెక్కగోడ నేనింతవరకూ చూడలేదు.”

లౌరి చూసింది. నల్లగా మెరుస్తున్న స్తంభాలు, మధ్య వెడల్పాటి పలకలు. ఎడమవైపు మూడో పలక మీద, ఏ కాలంలోనో ఎవరో వత్తి ఆనించి కాల్చిన మచ్చ, కన్నీటి చుక్కలా. కొత్తగా పెళ్ళై వచ్చిన రోజుల్లో, అత్తగారు లోపలికి పిలిచేదాకా ఆ పలకకి ఆనుకునే నిలబడేది. నిలబడి ఆ మచ్చని గోటితో రాసేది.

గిన్నె బల్లమీద పెట్టి, మెరెరిడ్ చెయ్యి పట్టుకుని పాలగదిలోకి లాక్కెళ్ళింది.

“అది నాది.”

“నీదేనక్కా,” అంది మెరెరిడ్.

“దొంగతనంగా తెచ్చుకుని...”

“దొంగతనమేముంది? కోళ్ళకి వేరే చెక్కతో గూడు కట్టి, వీటిని తెచ్చుకున్నాం. శీతాకాలమంతా కూర్చుని రెట్టలు కడిగాను. చేతులు పగిలిపోయాయి.”

“నా మొగుడికి తెలుసా?”

మెరెరిడ్ తడి చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంది. తుడుచుకోవడం చాలాసేపు పట్టింది.

“స్తంభాలు బరువు కదక్కా. ఒకవైపు ఆయన, ఇంకోవైపు బావగారు.”

మొగుడికి తెలుసు. అత్తగారికి తెలుసు. మరిదికి తెలుసు. టీకి వచ్చిన చాపెల్ జనంలో ఎంతమందికి తెలుసో! తను కప్పులు అందిస్తుంటే ఎంతమంది మొహమొహాలు చూసుకున్నారో!

“అందరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు. ఒక్కరైనా చెప్పలేదే!”

“లోపలికొస్తే కనపడేది. పదహారేళ్ళూ తలుపు తెరిచే ఉందక్కా.” మెరెరిడ్ గొంతు తగ్గించింది. “నువ్వు అడిగిన రోజున ఇచ్చేద్దామనుకున్నాం. ఆయన ఒక్క మేకు కూడా కొట్టలేదు దానికి. ఊడదీస్తే వచ్చేస్తుంది.”

“అడగాలా? నేనా? నిన్నా?”

“ఏం, నన్ను అడిగితే ఏమవుతుంది?”

“అన్నీ నీకే. సున్నం గోడ నీకే, నవ్వులు నీకే, ఆవిడా నీకే. ఇంకా నేను చెయ్యి చాపి అడుక్కోవాలి!”

“ఆవిడ రాత్రంతా కలవరిస్తూనే ఉంది,” అంది మెరెరిడ్. “ఏమనుకున్నావు, నా పేరనుకున్నావా? ‘పైపొయ్యి మూశారు, పైపొయ్యి మూశారు’ అని. నా ఇంట్లో పడుకుని నీ ఇంటి పొయ్యికోసం ఏడిస్తే వినడానికి నాకు బాగుంటుందా? నీకొక్కదానికేనా కడుపుమంట?”

ఆ మాట లౌరి ఎన్నడూ ఊహించలేదు. అంతలో షోనెడ్ పిలిచింది.

“ఒక్కసారి ఇలా వస్తారా? చిన్న సందేహం.”

ఇద్దరూ బయటికొచ్చారు. పైఇంట్లో సుత్తి దెబ్బలు ఆగకుండా వినిపిస్తున్నాయి. మార్గెడ్ తల అటు తిప్పి వింటోంది.

“ఈ స్తంభాల తలల దగ్గర ఉలిగాట్లున్నాయి, చూడండి,” అంది షోనెడ్. “ఒక గాటు, రెండు గాట్లు, మూడు గాట్లు. ఏ స్తంభం ఎక్కడ దూరాలో వడ్రంగి పెట్టుకున్న గుర్తులు. పైదూలం మీద కూడా అవే ఉండాలి. ఈ దూలం మీద లేవు. ఇది మొదటినుంచీ ఇక్కడే ఉందా?”

ఆమె టార్చి దూలం మీదికి తిప్పింది.

“ఎందుకడుగుతున్నానంటే, ఇంత పనితనం ఉన్న చెక్కగోడ చిన్నింట్లో పెట్టరు. ఇది ఏ ఇంటిదైతే హెండ్రె వెన్‌కి పెద్దిల్లు అదే. పుస్తకంలో అలాగే రాస్తాను.”

మెరెరిడ్ నేల చూసింది. “ఆ సంగతి అక్క చెప్పాలి,” అంది.

దయతోనే అంది. కోళ్ళగూటి మాట తన నోటినుంచి రాకూడదని అంది. లౌరికి మాత్రం అది చెంపదెబ్బలా తగిలింది.

ఒక్క మాట చాలు. ‘నాది’ అంటే పైఇల్లు పెద్దిల్లవుతుంది, అచ్చులో, బొమ్మతో సహా, అందరూ చదివేలా. కానీ ఆ మాట వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. పురుగు పట్టిందన్నారుగా? ఎవరు తీసేశారు? ఎక్కడ వేశారు? కోళ్ళకి వేసినావిడ అని సోమవారం చాపెల్లో పాట మొదలవకముందే గుసగుస మొదలవుతుంది. మెరెరిడ్ కడిగి కాపాడిందని కూడా చెప్పుకుంటారు. అదే భరించలేకపోయింది లౌరి. ఇల్లు పోయినా ఫరవాలేదు, మెరెరిడ్‌కి ఆ మెప్పు దక్కకూడదు.

“ఇక్కడిదే,” అంది. “మొదటినుంచీ ఇక్కడే ఉంది.”

“అక్కా!” అంది మెరెరిడ్. ఎవరో కాలు తొక్కినట్టు అరిచింది.

షోనెడ్ ఇద్దరినీ చూసి, దూలం చూసి, భుజాలెగరేసింది. “అయితే దూలమే మార్చి ఉంటారు. మంచిది. పెద్దిల్లు ఇదన్నమాట.” అట్టమీద కాగితంలో రాసుకుంది.

పొయ్యి దగ్గర చేతికర్ర నేలని తట్టింది.

“రాశావా అమ్మాయ్?”

“రాశానండీ మామ్మగారూ.”

“అయితే దాని కింద నన్నూ రాసుకో. మార్గెడ్ అని. నేనూ మొదటినుంచీ ఇక్కడిదాన్నే.”

షోనెడ్ నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయింది. లౌరి అత్తగారి ముఖంలోకి చూడలేకపోయింది. పైఇంటికి కోడలిగా వచ్చి, ఆ పొయ్యి ముందే ఇద్దరు కొడుకుల్ని కని, అక్కడే మొగుణ్ణి సాగనంపిన మనిషి. అరవై ఏళ్ళ కాపురాన్ని ఒక్క ముక్కలో చెరిపేసింది. చెరపడానికి గుడ్డ లౌరే అందించింది.

సుత్తి చప్పుడు ఆగింది.

ముంగిట్లో పరుగు వినిపించింది. యోర్వెర్త్ తలుపులో నిలబడ్డాడు. జుట్టు, కనుబొమలు, చొక్కా అంతా మసి, సున్నం. ఆ మసిలోంచి పళ్ళు మెరిశాయి. అతను అలా నవ్వడం లౌరి చూసి చాలా ఏళ్ళయింది.

“అమ్మా! తెరిచేశాను! పొయ్యి మీది దూలం చెక్కుచెదరలేదు, నీ అరుగు అలాగే ఉంది. నిప్పు కూడా రాజేసొచ్చాను. పొగ పైకే పోతోందమ్మా, తిన్నగా పైకి! నీ గది గోడ ఆరేదాకా ఆ పొయ్యి దగ్గరే పడుకుందువుగాని. లే, ఇంటికి పోదాం పద.”

మార్గెడ్ కొడుకు వైపు చూడలేదు. రెండు చేతులూ కర్రమీద పెట్టుకుని లౌరినే చూస్తోంది.

“నన్నడుగుతావేంరా? నేను ఏ ఇంటిదాన్నో నీ పెళ్ళాన్ని అడుగు.”